ఎంజినెక్స్ పాఠాలు, 4వ భాగం: వెబ్‌సాకెట్‌కి 101 ఎందుకు రావడం లేదు?

పోయిన భాగంలో ఎంజినెక్స్‌ని (nginx, బ్రౌజర్‌కీ మీ యాప్‌కీ మధ్య ప్రాక్సీగా నిలబడే సర్వర్) పెట్టినవాళ్లలో చాలామంది ఒకే చోట ఆగిపోయారు. పేజీ తెరుచుకుంటుంది, వెబ్‌సాకెట్ (రెండువైపులా తెరిచే ఉండే కనెక్షన్) మీద నడిచే చాట్ మాత్రం కనెక్ట్ కాదు, కన్సోల్‌లో 1006 అని వస్తుంది. లోడ్ బ్యాలెన్సింగ్ తర్వాత చూద్దాం, ముందు ఇది తేల్చాలి.

1006 చూసి టెన్షన్ పడకండి. కనెక్షన్ సరిగ్గా ముగియనప్పుడు బ్రౌజర్ తనే వేసుకునే నంబర్ అది, కారణం అందులో దొరకదు. నెట్‌వర్క్ ట్యాబ్ తెరవండి. ఆ వెబ్‌సాకెట్ రిక్వెస్ట్‌కి 101 రావాలి, అంటే సర్వర్ వెబ్‌సాకెట్‌కి మారడానికి ఒప్పుకుందని. 404 వస్తే పాత్ చూసుకోండి. 400 గానీ 426 గానీ వస్తే ముందుగా అనుమానించాల్సింది వెబ్‌సాకెట్‌కి మారమని అడిగే అప్‌గ్రేడ్ హెడర్‌నే, అది మీ యాప్ దాకా చేరి ఉండదు.

అప్‌గ్రేడ్, కనెక్షన్ హెడర్లను ప్రాక్సీ తనంతట తాను ముందుకు పంపదు, మనం రాయాలి. అందరూ రాశారు కూడా. కానీ ఎక్కడ రాశారు? నాకు బాగా చిరాకు తెప్పించేది ఇదే, అందుకే కాస్త సాగదీస్తాను. ఆ రెండు లైన్లూ సర్వర్ బ్లాక్‌లో పెట్టి, దాని లోపలి లొకేషన్‌లో (ఒక్కో పాత్‌కి రాసే బ్లాక్) హోస్ట్ హెడర్ ఒక్కటి రాశారనుకోండి. మూడూ వెళ్తాయనుకుంటాం. వెళ్లవు! లొకేషన్‌లో ప్రాక్సీ సెట్ హెడర్ (proxy_set_header, హెడర్ పంపమని చెప్పేది) లైను ఒక్కటున్నా చాలు, పై బ్లాకుల్లో రాసిన అలాంటి లైన్లన్నీ ఆ లొకేషన్‌కి లేనట్టే. అసలు ఐపీ పంపే హెడర్ పైన రాసి, లొకేషన్‌లో ఇంకోటి చేరిస్తే యాప్ లాగ్ ఫైళ్లలో ఐపీలన్నీ 127.0.0.1 అయిపోయేదీ ఇందుకే. ఇన్‌క్లూడ్ చేసిన ఫైల్లో దాక్కున్న ఒక్క లైను కూడా ఇంతే పని చేస్తుంది. ప్రాక్సీ హెచ్‌టీటీపీ వెర్షన్ 1.1 అనే లైను మాత్రం పైనుంచి మామూలుగానే దిగుతుంది, దాంతో మిగతావీ దిగుతాయని నమ్మేస్తాం. కాన్ఫిగ్ సరిచూసే ఎంజినెక్స్ మైనస్ చిన్న టీ (nginx -t) ఇదంతా సరే అనే అంటుంది, పెద్ద టీ (nginx -T) కొట్టి మొత్తం కాన్ఫిగ్ కళ్లారా చదవండి. నేనైతే హెడర్లన్నీ లొకేషన్‌లోనే రాస్తాను, రెండుసార్లు రాయాల్సొచ్చినా సరే.

మ్యాప్ బ్లాక్ (రిక్వెస్ట్‌ని బట్టి కనెక్షన్ హెడర్ విలువ మార్చేది) గురించి: ఒకే పాత్‌లో మామూలు రిక్వెస్టులూ సాకెట్లూ కలిసి వస్తేనే అది కావాలి. సాకెట్‌కి విడిగా లొకేషన్ ఉంటే కనెక్షన్ విలువ నేరుగా అప్‌గ్రేడ్ అని రాసేయండి.

కనెక్ట్ అయ్యాక సరిగ్గా నిమిషానికి తెగిపోతోందా? ప్రాక్సీ రీడ్ టైమవుట్ డిఫాల్ట్‌గా 60 సెకన్లు. అంతసేపు యాప్ వైపు నుంచి ఏమీ రాకపోతే ఎంజినెక్స్ మూసేస్తుంది. దాన్ని ఒక రోజుకి పెంచేస్తుంటారు, నాకు నచ్చదు, చచ్చిన కనెక్షన్లు అలాగే వేలాడుతుంటాయి. 30 సెకన్లకోసారి యాప్ నుంచే పింగ్ (కనెక్షన్ బతికుందో లేదో చూసే చిన్న ఫ్రేమ్) పంపండి. ఎందుకంటే బ్రౌజర్ జావాస్క్రిప్ట్‌తో పింగ్ ఫ్రేమ్ పంపడం కుదరదు.

అభ్యాసం: ఒక ఎంజినెక్స్ ముందు ఇంకొకటి పెట్టి, బ్రౌజర్ లేకుండా కర్ల్‌తో (curl, కమాండ్ లైన్ నుంచి రిక్వెస్టులు పంపే టూల్) 101 రప్పించండి. హెచ్‌టీటీపీఎస్ అయితే కర్ల్‌ని హెచ్‌టీటీపీ 1.1కే కట్టడి చేయండి, సెక్ వెబ్‌సాకెట్ వెర్షన్ 13 అని ఉండాలి, కీ కూడా మీరే తయారు చేసుకోవాలి: 16 బైట్లు, బేస్64లో. వచ్చాక రెండింట్లో ఒకదాంట్లో ఒక్క హెడర్ తీసేసి, రీలోడ్ చేసేముందే ఏ లాగ్ ఫైల్లో ఏ కోడ్ పడుతుందో కాగితం మీద రాసుకోండి.