కొత్త దేశంలో రాత్రి భోజనం: ముందు పొయ్యిని మచ్చిక చేసుకోండి

కొత్త దేశంలో దిగిన మొదటి వారాల్లో వంట మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి. పెట్టెలు విప్పాలి, బ్యాంకు ఖాతా తెరవాలి, పిల్లల బడి చూడాలి. ఈ హడావిడిలో రోజూ రాత్రి నాలుగు రకాలు వండి అందరినీ ఒకచోట కూర్చోబెట్టాలని చూస్తే కొద్ది రోజులకే వంటగది పేరెత్తితే విసుగు పుడుతుంది. మీకు బాగా చేయి తిరిగిన వంటల్లో ఒక్కదాన్ని ఎంచుకోండి. అది ఒకే గిన్నెలో అయిపోవాలి, ఒంట్లో నలతగా ఉన్న రోజు కూడా తినాలనిపించాలి. కొత్త పొయ్యి మీద పాత రుచి వచ్చేదాకా దాన్నే మళ్లీ మళ్లీ వండండి. అది కుదిరితే మిగతా వంటలూ దారికొస్తాయి. రుచి తేడా వచ్చినప్పుడల్లా మనం సరుకుల్ని తిట్టుకుంటాం గాని, చాలాసార్లు మారింది సరుకు కాదు. పొయ్యి, గిన్నె, నీళ్లు, కొలత మారాయి.

పొయ్యి, గిన్నె

అలవాటైన గ్యాస్ మంట కంటికి కనబడుతుంది, తగ్గించిన మరుక్షణం తగ్గుతుంది. అద్దె ఇళ్లలో తరచుగా కనిపించే కరెంటు చుట్ట పొయ్యి అలా కాదు. నిదానంగా వేడెక్కుతుంది, ఆపేశాక కూడా చాలాసేపు కాలుతూనే ఉంటుంది. పొంగు వచ్చినప్పుడు మీట తిప్పితే చాలదు, గిన్నెను పక్కకు జరపాలి. దీనికి తేలికైన ఉపాయం ఉంది: రెండు చుట్టలు వాడండి. ఒకటి బాగా వేడిగా, రెండోది సన్నని సెగ మీద. మరిగేదాకా మొదటి దాని మీద ఉంచి, ఆ తర్వాత గిన్నెను రెండో దాని మీదకు మార్చండి. పైన నున్నటి గాజు పలక ఉన్న పొయ్యికీ ఇదే పద్ధతి పనికొస్తుంది, కాకపోతే బరువైన గిన్నెను గాజు మీద ఈడ్చకుండా ఎత్తి పెట్టాలి.

ఇండక్షన్ పొయ్యి సంగతి వేరు. అది గిన్నె అడుగునే వేడెక్కిస్తుంది, అందుకని అయస్కాంతం అంటుకునే గిన్నెలే పనిచేస్తాయి. అల్యూమినియం, రాగి, గాజు దాని మీద వేడెక్కవు. స్టీలులోనూ కొన్ని రకాలకు అయస్కాంతం అంటదు. గిన్నెలు కొనడానికి వెళ్లేటప్పుడు ఫ్రిజ్ తలుపుకు అంటించే బొమ్మ అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్లండి. అడుగు మందంగా ఉన్నదే తీసుకోండి. పలచటి గిన్నె ఏ కరెంటు పొయ్యి మీదైనా నడిమధ్యనే మాడుతుంది. కొత్త సంసారానికి పది గిన్నెలు అక్కరలేదు. మందపాటి అడుగున్న లోతు గిన్నె, మూకుడు, మంచి చాకు, వంటగది తూకం ఉంటే ఏడాదంతా గడిచిపోతుంది. నన్నడిగితే ముందు కొనాల్సింది తూకమే.

ఇంటి నుంచి మిక్సీ, రైస్ కుక్కర్ మోసుకెళ్లాలనే ఆలోచన ఉంటే వాటి అడుగున ముద్రించిన వోల్టేజి చూడండి. భారత్‌లోనూ యూరప్‌లోనూ 230 వోల్టులు, అమెరికాలో 120, జపాన్‌లో 100. 230 వోల్టుల రైస్ కుక్కర్‌ను 120 వోల్టులకు తగిలిస్తే వేడి సగానికి కాదు, దాదాపు పావు వంతుకు పడిపోతుంది. బియ్యం నానుతాయి తప్ప ఉడకవు. 120 వోల్టులదాన్ని 230కి తగిలిస్తే కాలిపోతుంది. వేడి చేసే సామాన్లకు సరిపోయే ట్రాన్స్‌ఫార్మర్ బరువూ ఎక్కువే, ధరా ఎక్కువే. వెళ్లిన చోట కొనుక్కోవడమే నయం.

పొగ గురించి ఒక మాట. పొయ్యి పైనున్న ఫ్యాను పొగను బయటికి పంపుతోందా, జల్లెడ పట్టి మళ్లీ గదిలోకే వదులుతోందా అన్నది మొదటి రోజే చూసుకోండి. రెండో రకమైతే వేపుడు మొదలుపెట్టకముందే కిటికీ తెరవాలి. పొగ గంట (స్మోక్ అలారం) మోగినా దాని బ్యాటరీ పీకకండి. అపార్ట్‌మెంటులో ఉంటే నడవా వైపు తలుపు కూడా తెరవకండి. పొగ నడవాలోకి వెళ్తే భవనం గంట మోగవచ్చు, మీ ఉల్లిపాయల పుణ్యమా అని అన్ని అంతస్తుల వాళ్లూ మెట్లు దిగాల్సి వస్తుంది. ఇరుగుపొరుగుతో పరిచయానికి ఇంతకంటే మంచి దారులున్నాయి. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు పోయవద్దు. పొయ్యి ఆపి, మూత పెట్టి, చల్లారేదాకా మూత తీయకుండా వదిలేయండి.

పప్పు ఎందుకు ఉడకడం లేదు

కొత్తగా వచ్చినవాళ్లను బాగా తికమకపెట్టే ప్రశ్న ఇది. పప్పు పాతబడి ఉండవచ్చు, కానీ నీళ్లను కూడా అనుమానించండి. కాల్షియం ఎక్కువగా ఉండే కఠిన జలంలో పప్పుధాన్యాల పొట్టు మెత్తబడదు. కెటిల్ అడుగున తెల్లటి పొర కడుతోందంటే మీ నీళ్లు ఆ రకమే. వడపోసిన నీళ్లలో నానబెట్టి, వాటిలోనే ఉడికించండి, లేదా చిటికెడు వంటసోడా వేయండి. టమాటా, నిమ్మ వంటి పులుపు పప్పు మెత్తబడ్డాకే పడాలి.

ఊరి ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. సముద్రమట్టం నుంచి ప్రతి 300 మీటర్లకు నీళ్లు మరిగే వేడి సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. 1600 మీటర్ల ఎత్తున ఉన్న అమెరికా నగరం డెన్వర్‌లో నీళ్లు 95 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతాయి. ఎంతసేపు మరిగించినా అంతకు మించి వేడెక్కవు. అలాంటి చోట ప్రెషర్ కుక్కర్ లేకపోతే పప్పు ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది. కుక్కర్ లోపల వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది.

రాజ్మా విషయంలో మాత్రం అజాగ్రత్త వద్దు. పచ్చి గింజల్లో ఉండే లెక్టిన్ అనే పదార్థం వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో తెర్లుతూ ఉండగా కనీసం 10 నిమిషాలు ఉడికించాలి. అరగంట ఉడికిస్తే ఇంకా మంచిది. చాలా దేశాల్లో పొద్దున వేసి సాయంత్రం తీసే స్లో కుక్కర్లు ఉంటాయి. ఉద్యోగస్తులకు అవి వరమే గాని, పచ్చి రాజ్మాను నేరుగా వాటిలో వేయకూడదు. ఆ తక్కువ వేడికి గింజ మెత్తబడుతుంది, లెక్టిన్ మాత్రం పోదు.

కప్పు అంటే ఎంత

వంటకాలు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు చాలా గందరగోళం కొలతల దగ్గరే పుడుతుంది. అమెరికా వంట పుస్తకాల్లో కప్పు అంటే దాదాపు 240 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 250, జపాన్‌లో 200. రైస్ కుక్కర్‌తో పాటు వచ్చే చిన్న గ్లాసు 180. టేబుల్ స్పూను చాలా చోట్ల 15 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో మాత్రం 20. అమెరికా ఓవెన్ మీద 350 అని రాసి ఉంటే అది ఫారెన్‌హీట్, మన 180 సెల్సియస్‌కు కొంచెం తక్కువ. ఫ్యాను తిరిగే ఓవెన్ అయితే చెప్పిన సెల్సియస్ అంకెలో 20 తగ్గించండి. ఉప్పు దగ్గర ఇంకా జాగ్రత్త: రేకుల్లా ఉండే కొన్ని రకాల ముతక ఉప్పు, స్పూనుకు స్పూను చూస్తే, సన్న ఉప్పు బరువులో సగమే తూగుతుంది. అందుకే తూకం ముందు కొనమన్నాను.

ఇంట్లో పెద్దవాళ్ల వంటను కొలతల్లోకి దించాలంటే అడిగితే లాభం లేదు. "చూసి వేసుకో" అంటారు. వాళ్లు చెప్పేది నిజమే, చేతికి తెలిసింది నోటికి రాదు. ఇంకో దారి ఉంది. వండే ముందు ఉప్పు డబ్బా, నూనె సీసా, కారం డబ్బా తూకం మీద పెట్టి అంకె రాసుకోమనండి. వంట అయ్యాక మళ్లీ తూయమనండి. ఆ తేడాయే అమ్మ చేతి కొలత. వీడియో కాల్‌లో చూస్తూ రాసుకుంటే ఇంకా మంచిది. అయితే ఈ తనిఖీ రోజూ పెట్టకండి, వండేవాళ్లకు చిరాకు పుడుతుంది.

దేనితో మొదలుపెట్టాలి

మీ మనసులో ఇప్పటికే ఒక వంట ఉంటే అదే మేలు. లేకపోతే దాదాపు అన్నిచోట్లా దొరికే సరుకులతో, ముగ్గురికి సరిపోయే బియ్యం-పప్పు జావ చెబుతాను. బియ్యం 100 గ్రాములు, ఎర్రటి మసూరు పప్పు 100 గ్రాములు, నీళ్లు లీటరు, పెద్ద ఉల్లిపాయలు రెండు, నూనె 3 టేబుల్ స్పూన్లు, ఉప్పు 8 గ్రాములు, మిరియాల పొడి, నిమ్మకాయ.

ఉల్లిపాయలు సన్నగా నిలువుగా తరిగి, లోతు గిన్నెలో నూనె వేసి మధ్యస్థంగా సెగ పెట్టండి. మొదట్లో ఉల్లి నీరు వదులుతుంది, చిటపట తడితడిగా వినిపిస్తుంది. కొన్ని నిమిషాలకు నీరు ఇగిరి శబ్దం పొడిగా మారుతుంది. అక్కడి నుంచి పక్కకు తిరగకండి. అంచులు ఎర్రబడటం మొదలైతే మాడటానికి ఎంతోసేపు పట్టదు. కరెంటు చుట్ట మీద వండుతుంటే మీరు కోరుకున్న రంగు రావడానికి కాస్త ముందే గిన్నె జరపండి, మిగిలిన రంగు ఆ వేడికే వస్తుంది. సగం ఉల్లిని పళ్లెంలోకి తీసి, మిగిలిన దానిలో కడిగిన బియ్యం, పప్పు, నీళ్లు, ఉప్పు వేయండి. మరిగి నురగ వస్తే గరిటెతో తీసేసి, సన్నని సెగ మీదకు మార్చి, మూత ఓరగా పెట్టండి. 25 నుంచి 30 నిమిషాలు. చివరి పది నిమిషాలు అడుగంటకుండా కలుపుతూ ఉండాలి.

గరిటెతో గీత గీస్తే అడుగు ఒక్క క్షణం కనబడి మళ్లీ మూసుకుపోవాలి. ఆ దశకు కొంచెం ముందే ఆపేయండి, దించాక కూడా చిక్కబడుతుంది. నిమ్మరసం, మిరియాల పొడి కలిపి, తీసిపెట్టిన ఉల్లి పైన చల్లండి. ఉడికించిన గుడ్డు పక్కన పెడితే అదే పూర్తి భోజనం. ఉల్లికి బదులు వెల్లుల్లి, పప్పుకు బదులు బంగాళదుంప, ఇలా ఎటైనా మార్చుకోవచ్చు. మొదటిసారి మాత్రం ఉన్నది ఉన్నట్టు వండండి, అప్పుడే మీ పొయ్యి స్వభావం తెలుస్తుంది.

మిగిలితే గిన్నెతో సహా పొయ్యి మీద వదిలేసి పడుకోకండి. బియ్యంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. వండిన అన్నం గది వేడిలో ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి, మళ్లీ మరిగించినా ఆ విషం పోదు. వండినదాన్ని 2 గంటలకు మించి బయట ఉంచవద్దని, ఫ్రిజ్‌లో 5 డిగ్రీల లోపు పెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అన్నం విషయంలో గంటలోపే పెట్టేయడం ఇంకా క్షేమం. వెడల్పాటి లోతులేని డబ్బాల్లో సర్దితే త్వరగా చల్లారుతుంది.

అందరూ కలిసి తినడం

పని వేళలు, బడి వేళలు కొత్తగా ఉన్నప్పుడు రోజూ కలిసి తినాలన్న నియమం నిలవదు. వారంలో రెండు రాత్రులు ఖాయం చేసుకోండి, మిగతావి కుదిరినట్టు. పిల్లలకు తూకం అప్పగించండి, అంకెలు వస్తే చాలు, ఆ పని వాళ్లు బాగా చేస్తారు. బడిలో తిన్నదే ఇంట్లోనూ కావాలని అడిగితే బెంగపడకండి. వారంలో ఒక రాత్రి వాళ్లకు వదిలేయండి, వాళ్లతోనే వండించండి.

పొరుగువారికి పంపాలనుకుంటే కొంచెమే పంపండి, పంపేముందు అడగండి. ఎవరికి ఏది పడదో చూసి తెలుసుకోలేం. ప్యాకెట్ల మీద తప్పనిసరిగా తెలపాల్సిన అలర్జీ పదార్థాలు యూరప్‌లో 14, అమెరికాలో 9. అమెరికా జాబితాలోకి నువ్వులు చేరింది 2023లోనే. శాకాహారం అని చెప్పినవాళ్లు గుడ్డు తింటారో లేదో కూడా అడిగి తీరాలి. సూపు రుచి కోసం వేసే బిళ్లల్లో కోడి రసం ఉండవచ్చు, సోయా సాస్‌లో చాలా రకాలకు గోధుమ ఉంటుంది, అందుకని సీసా వెనక అచ్చు చదవండి. వద్దంటే నొచ్చుకోకండి, కారణం చెప్పమని అడగకండి. తీసుకుంటామంటే డబ్బా మూత మీద కాగితం అంటించి మూడు విషయాలు రాయండి: ఏమేం వేశారు, ఎప్పుడు వండారు, ఎలా వేడి చేసుకోవాలి. వంటకం నచ్చి ఎలా చేశారని అడిగితే గ్రాముల్లో చెప్పండి, మీ పొయ్యి ఏ రకమో కూడా చెప్పండి.