రెండు మూడు గేదెల పాడిలో డబ్బు ఎక్కడ పోతోందో పట్టుకోవడం ఎలా

పాల బిల్లు చేతికి రాగానే దాణా బాకీ తీసేసి, మిగిలింది లాభం అనుకోవడం దాదాపు ప్రతి ఇంట్లో జరిగేదే. గేదె పాలిస్తున్నన్నాళ్ళూ ఆ లెక్క బాగానే కనిపిస్తుంది. వట్టిపోయాక బిల్లు ఉండదు, మేత మాత్రం ఆగదు, ఆ నెలల్లో పెట్టిన డబ్బు ఎవరి లెక్కలోకీ రాదు. రెండు నుంచి ఐదు గేదెలు పెట్టుకుని ఇంటిల్లిపాదీ చాకిరీ చేసేవాళ్ళ కోసం రాస్తున్నాను. యాభై గేదెల ఫారం కథ వేరు.

మొదటి పని, లెక్కని నెలకి కాకుండా ఈత నుంచి ఈతకి, అంటే గేదె ఒకసారి ఈనినప్పటి నుంచి మళ్ళీ ఈనేదాకా వేయండి. ఉదాహరణకి రౌండు అంకెలు తీసుకుంటా, మీరు మీ ఊరి రేట్లు పెట్టుకోండి. గేదె ఈనాక 270 రోజులు, సగటున రోజుకి 6 లీటర్లు ఇచ్చింది, మొత్తం 1,620 లీటర్లు. లీటరు 50 అనుకుంటే 81,000. మళ్ళీ ఈనడానికి 450 రోజులు పట్టిందనుకోండి, అంటే 180 రోజులు వట్టిది. దాణా పాలిచ్చే రోజుల్లో 4 కిలోలు, వట్టి రోజుల్లో 1 కిలో, ఈనబోయే ముందు రెండు నెలలు 2 కిలోలు, మొత్తం 1,320 కిలోలు. కిలో 30 చొప్పున 39,600. ఎండుగడ్డి రోజుకి 5 కిలోలు, కిలో 6 చొప్పున 13,500. మిగిలింది 27,900, రోజుకి 62 రూపాయలు. ఇందులోంచే మందులు, కరెంటు, అప్పు వడ్డీ, మీ ఇంటివాళ్ళ కూలీ రావాలి. పచ్చిగడ్డి సొంత పొలంలోదనుకుని దాన్ని లెక్కలో వేయనే లేదు.

ఇప్పుడు అదే గేదె ఈనడం మూడు నెలలు ఆలస్యమైందనుకోండి. పాలేమీ పెరగవు, 90 రోజుల మేతకి ఇంకో 5,400 పోతుంది, మిగిలింది 540 రోజుల మీద సర్దాలి. రోజుకి 42 కూడా రాదు. పాల రేటు ఒక్క రూపాయి తగ్గకుండానే మూడో వంతు ఆదాయం పోయింది. రేటు పెంచమని అడగాల్సిందే, కాదనను. కానీ రేటు మన చేతిలో లేదు, ఎద (గేదె చూడి కట్టడానికి సిద్ధంగా ఉండే సమయం) కనిపెట్టడం మన చేతిలో ఉంది.

గేదె చూడి సుమారు 310 రోజులు. 450 కాదు, 420 రోజుల్లోనే మళ్ళీ ఈనాలంటే ఈనిన 110 రోజుల్లోపు చూడి నిలవాలి. ఒక ఎద తప్పిపోతే మళ్ళీ 21 రోజులు ఆగాలి, అంటే పై రేట్ల ప్రకారం ఎక్కువ తక్కువ 1,260 రూపాయల మేత దండగ. గేదెలతో చిక్కేమిటంటే ఆవులా గోల చేయవు, ఎండాకాలంలో మరీను. అదే మూగ ఎద. తెల్లవారుజామున, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి వెనక్కి వెళ్ళి చూడండి: తీగలు (వెనక నుంచి జారే జిగురు) వేస్తోందా, మాటిమాటికీ మూత్రం పోస్తోందా, ఉన్నట్టుండి పాలు తగ్గించిందా. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున చూడి సూది (కృత్రిమ గర్భధారణ) వేయించాలి. తేదీ గోడ క్యాలెండర్ మీద రాసి, 21 రోజుల తర్వాత గళ్ళలో గుర్తు పెట్టుకోండి. మళ్ళీ ఎదకి రాలేదు కదా అని చూడి నిలిచిందని నమ్మేయకండి, మూడు నెలలకి డాక్టరు చేత చూడి పరీక్ష తప్పకుండా చేయించండి. వేసవిలో పగలు రెండుసార్లు నీళ్ళతో తడపడం, నీడ, రోజుకి 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, వీటికయ్యే ఖర్చు ఒక ఎద తప్పితే పోయేదాంతో పోలిస్తే చాలా తక్కువ. వీలైతే ఆడ దూడలే ఎక్కువగా పుట్టే సెక్స్డ్ సెమెన్ సూది అడగండి, 90 శాతం వరకు పెయ్యలే వస్తాయి.

తర్వాత దాణా. పాలిచ్చే గేదెకి ఒంటికి ఒక కిలో, ఆపైన ప్రతి రెండు లీటర్లకి ఒక కిలో, ఇదీ మోటు లెక్క. మూడు లీటర్లిచ్చే గేదెకీ ఎనిమిది లీటర్లిచ్చేదానికీ ఒకే తట్ట పెట్టే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఒకదాని దగ్గర డబ్బు పారేస్తున్నట్టు, రెండోదాన్ని మాడుస్తున్నట్టు. బస్తా దాణా కొనే బదులు ఇంట్లో కలుపుకోవచ్చు. వంద కిలోలకి మొక్కజొన్న నూక 35, చెక్క 30 (వేరుశనగ సగం, పత్తి గింజల చెక్క సగం), నూనె తీసిన తవుడు 32, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1. తడిసి బూజు పట్టిన వేరుశనగ చెక్క చవగ్గా వస్తుందని తెచ్చుకోవద్దు, ఆ బూజు విషం కాలేయాన్ని పాడు చేస్తుంది, పాలల్లోకీ వస్తుంది.

పచ్చిగడ్డి ఉంటే దాణా తగ్గించుకోవచ్చు. నీళ్ళుంటే పావెకరం సూపర్ నేపియర్ రెండు గేదెలకి ధారాళంగా సరిపోతుంది, మొదటి కోత 70–75 రోజులకి, తర్వాత ప్రతి నెలన్నరకి. గట్ల మీద అవిశ చెట్లు, హెడ్జ్ లూసర్న్ అనే మేత మొక్క వేస్తే కొంత చెక్క మిగులుతుంది. ముక్కలు చేసి వేయండి, పొడవు గడ్డి వేస్తే కాళ్ళ కింద తొక్కి వదిలేస్తాయి. వరిగడ్డి విషయంలో మాత్రం ఇప్పుడు కష్టంగానే ఉంది, మిషన్ కోతలొచ్చాక గడ్డి పొలంలోనే పోతోంది, కట్టలు కట్టించాలంటే దానికో ఖర్చు. వేసవి దాకా ఆగకుండా కోతలప్పుడే ఏడాదికి సరిపడా కొని వామి వేసుకోండి. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా 50 లీటర్ల నీళ్ళలో కరిగించి చల్లి, గాలి చొరకుండా 21 రోజులు కప్పి ఉంచితే గడ్డి బలం పెరుగుతుంది. తీశాక కాసేపు గాలికి ఆరబెట్టి వేయాలి, ఆరు నెలల లోపు దూడలకి పెట్టకూడదు. యూరియాని కుడితిలో కలపడం, పైన చల్లి వెంటనే వేయడం ఎప్పుడూ చేయొద్దు, పశువు చచ్చిపోతుంది.

పాల కేంద్రం చీటీ చాలామంది జేబులో పెట్టుకుంటారు గానీ చదవరు. కిలో వెన్నకి 750 లెక్కన కడుతుంటే 6 శాతం పాలకి 45, 7 శాతానికి 52.50. ఆరు లీటర్లకి రోజుకి 45 రూపాయల తేడా! వెన్న చివరి పాలల్లోనే ఎక్కువ ఉంటుంది, అవి పొదుగులో వదిలేస్తే పలచటివే కేంద్రానికి వెళ్తాయి. దూడకి వదలాలంటే ఒక చన్ను వదలండి, చివరి పాలు కాదు. ఇంకో ప్రశ్న అడగండి: లీటర్లకి కడుతున్నారా, కిలోలకా? లీటరు పాలు 1.03 కిలోలు తూగుతాయి, రేటు ఎలా చెప్పారో దాన్నిబట్టి మూడు శాతం అటూ ఇటూ అవుతుంది. అనుమానం వస్తే వారం పాటు చీటీలు దాచి, ఒకరోజు అదే పాలు వేరేచోట టెస్ట్ చేయించండి. గొడవ పడక్కర్లేదు, చీటీ చూపించి అడిగితే చాలు.

అప్పు దగ్గరకొస్తే, పాలు కొనేవాళ్ళ దగ్గర అడ్వాన్సు తీసుకుంటే ఆ అప్పు తీరేదాకా రేటు వాళ్ళదే, నోరెత్తలేం. మేతకి, మందులకి బ్యాంకులో కిసాన్ క్రెడిట్ కార్డు పశుపోషణకి కూడా ఇస్తారు, గడువులో కడితే వడ్డీ 4 శాతం పడుతుంది. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల దాకా తనఖా అడగకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఆ కార్డు నిర్వహణ ఖర్చుకే, గేదె కొనడానికి విడిగా లోన్ పెట్టుకోవాలి. చెవికి పోగు (నంబరు బిళ్ళ) లేని పశువుకి బీమా రాదు. కేంద్ర పథకం కింద రైతు వాటా ప్రీమియంలో 15 శాతమే. పశువు చనిపోతే ముందు బీమావాళ్ళకీ డాక్టరుకీ చెప్పండి, పోస్టుమార్టం కాకుండా పూడిస్తే ఒక్క రూపాయి రాదు. గాలికుంటు టీకా ఊరికే వేస్తారు, ఆ రోజు గేదెని పొలానికి తోలేయకండి. రాత్రివేళ ఏదైనా అయితే నాటు మందులతో కాలయాపన చేయకుండా గోపాలమిత్రకో (ఊళ్ళో చూడి సూదులు వేసే మనిషి) డాక్టరుకో ఫోన్ చేయండి, పగలైతే 1962 అంబులెన్సు ఉంది.

ఇవన్నీ చేశాక కూడా ఏదో ఒక గేదె లెక్క ఎప్పుడూ మైనస్సే చూపిస్తుంటే, మమకారం పక్కన పెట్టి అమ్మేయడమే మేలు. వట్టిపోయి, చూడి లేకుండా సంతకి తోలితే దళారి అయినకాడికి అడుగుతాడు, టెన్షన్‌లో మనమూ ఇచ్చేస్తాం. చూడి కట్టించి, డాక్టరు పరీక్ష అయ్యాక, ఏడో నెల దాటాక అమ్మితే అదే గేదెకి ధర బాగా పలుకుతుంది. లేదంటే ఈనిన నెలలోపు, కొనేవాళ్ళ ఎదుట రెండు పూటలా పాలు పిండి చూపించి అమ్మండి.