పాత ఫోర్‌వీల్ బండి డోర్ రబ్బర్లు మీరే మార్చుకోవడం ఎలా?

ములుగు దాటి తాడ్వాయి అడవి దారిలో అద్దాలన్నీ ఎక్కించుకొని పోయినా, దిగేసరికి సీట్ల మీద వేలితో పేరు రాసేంత దుబ్బ పేరుకుంటోందా? వానకాలంలో కాళ్ల కింది మ్యాట్ ఎత్తి నీళ్లు పిండాల్సి వస్తోందా? పాత బొలెరోలు, స్కార్పియోలు, జీపుల్లో దీనికి చాలాసార్లు డోర్ రబ్బర్లే కారణం. మెకానిక్‌లు వీటినే బీడింగ్ అంటారు. ఏళ్ల తరబడి మన ఎండలకు ఎండి, నొక్కితే మళ్లీ లేవలేని స్థితికి వస్తాయి. మార్చడం ఒక పూట పని. అయితే చాలామంది పాత రబ్బరు పీకి కొత్తది తొడిగేస్తారు, అది కూర్చునే ఇనుప అంచును చూడరు. ఆ అంచు బాగలేకపోతే ఎంత మంచి రబ్బరు తెచ్చినా డబ్బు దండగే.

కొనడానికి ముందు లీకు ఎక్కడుందో పట్టుకోవాలి. పాత క్యాలెండర్ నుంచి కాగితం పట్టీ కత్తిరించి, తలుపు సందులో పెట్టి మూసి లాగండి. బిగువుగా రావాలి. ఊరికే జారి వస్తే అక్కడ రబ్బరు చచ్చిపోయినట్టే. తలుపు చుట్టూ జానెడు జానెడు దూరంలో ఇలా చూసి, వదులున్నచోట చాక్‌పీసుతో గుర్తు పెట్టుకోండి. తర్వాత ఒకరు లోపల కూర్చుంటే, ఇంకొకరు పైపుతో కింది నుంచి పైకి నెమ్మదిగా నీళ్లు పోయాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్లు ఎక్కడ దూరాయో తేలదు.

తలుపు అడుగున ఉండే చిన్న రంధ్రాలను కూడా చూడండి. అద్దం సందులోంచి తలుపులోకి దిగే వాననీళ్లు వాటిగుండానే బయటికి పోవాలి. మట్టి, ఆకులు పడి మూసుకుపోతే ఆ నీళ్లు లోపలికే వస్తాయి. సన్నటి తీగతో పొడిస్తే పోయే తిప్పలకు రబ్బరు మార్చుకున్నవాళ్లున్నారు. ముందు మ్యాట్ ఒక్కటే తడుస్తుంటే ముందు అద్దం రబ్బరును అనుమానించండి.

ఇక కొనుగోలు. తలుపు చుట్టూ సుతిలి తాడు పరిచి పొడవు కొలవండి, దానికి జానెడు కలపండి. పాత రబ్బరు ముక్క కోసుకొని ఆటోనగర్‌కు తీసుకుపోండి. పొడవొక్కటే సరిపోదు: ఉబ్బుగా ఉండే గొట్టం లావు, ఇనుప అంచును కరిచి పట్టుకునే లోపలి పట్టు వెడల్పు ఆ ముక్కతో సరిపోలాలి. లావెక్కువైతే తలుపు పడదు.

పాత రబ్బరును కింది అతుకు దగ్గర మొదలుపెట్టి చేత్తో లాగితే వచ్చేస్తుంది. ఇప్పుడు అంచు బయటపడుతుంది. ఇక్కడ తొందరపడకండి. తుప్పును వైరు బ్రష్‌తో, ఆపైన ఎమరీ పేపర్‌తో తెల్లటి ఇనుము కనిపించేదాకా గీకండి. మళ్లీ తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ పూసి, ఆరాక పైన పెయింట్ వేయండి. తడి పెయింట్ మీద రబ్బరు తొడిగితే శ్రమంతా పోతుంది, అందుకే రాత్రంతా ఆరనివ్వడమే మేలు. వంగిన అంచుంటే కటింగ్ ప్లయర్‌తో నిదానంగా సరిచేయండి.

కొత్తదాన్ని కింద, గడప మధ్యలో మొదలుపెట్టండి. అతుకు పైన పడితే వాన నేరుగా దాంట్లోకే దిగుతుంది. మూలల్లో ముందు కూర్చోబెట్టి, తర్వాత తిన్నటి భాగాలను రబ్బరు సుత్తితో మెల్లగా తట్టండి. ఎక్కడా సాగదీయొద్దు. సాగదీసిన రబ్బరు కొన్నాళ్లకు తన పొడవుకు తాను ముడుచుకొని అతుకు దగ్గర నోరు తెరుస్తుంది. చివర ఒక సెంటీమీటరు ఎక్కువ ఉంచి కోసి, రెండు కొసలను ఎదురెదురుగా నొక్కి, నల్ల సిలికాన్ పెట్టండి. పట్టు వదులనిపిస్తే తొడిగేముందే లోపలి ఇనుప పట్టీని ప్లయర్‌తో కొంచెం నొక్కండి.

మెత్తబడుతుందని ఇంజిన్ ఆయిలో, గ్రీజో పూయకండి, వాటితో ఈ రబ్బరు ఉబ్బి పాడవుతుంది. సిలికాన్ స్ప్రే పలచగా కొడితే చాలు.

మొదటి కొన్ని రోజులు తలుపు గట్టిగా వేయాల్సి వస్తుంది. భయపడొద్దు, రబ్బరు సర్దుకుంటుంది. వారం దాటినా అలాగే ఉంటే గొళ్లెం పట్టే స్ట్రైకర్ బోల్టులు వదులు చేసి, నూలు వాసంత బయటికి జరిపి బిగించండి. ఆపైన అదే కాగితం పట్టీతో చుట్టూ మరోసారి చూసుకోండి. వెనక తలుపును మరవకండి, బండి వెనకాల లేచే దుబ్బ ఎక్కువగా అక్కడినుంచే లోపలికి వస్తుంది.