గేటు దగ్గర ఏడుపు ఎలా ఆగిందంటే

మా పాపని జూన్‌లో విశాఖ మద్దిలపాలెంలో మా ఇంటి దగ్గరే నర్సరీలో చేర్చాం. మొదటి వారం గేటు దగ్గర నా చున్నీ వదలకుండా ఒకటే ఏడుపు. ఆయా ఆడిస్తుంటే చెప్పకుండా జారుకునేదాన్ని. అదే తప్పైంది. ఇంట్లో కూడా నేను బాత్రూమ్‌కి వెళ్తే తలుపు దగ్గరే కూర్చునేది.

తర్వాత రోజూ చెప్పే వెళ్లాను: "నువ్వు అన్నం తిన్నాక, బెల్ కొట్టగానే అమ్మ వస్తుంది." మూడేళ్ల పిల్లకి పన్నెండున్నర అంటే తెలీదు, అన్నం తిన్నాక అంటే తెలుస్తుంది. ఒక ముద్దు, ఒక టాటా, అంతే. వచ్చేస్తుంటే నాకూ కళ్లలో నీళ్లు తిరిగేవి. బెల్‌కి ఐదు నిమిషాల ముందే గేటు దగ్గరుండేదాన్ని.

అయినా పొద్దున్నే కడుపునొప్పి అనేది. ఓ రోజు బాక్సులో ఇడ్లీలు పెట్టినవి పెట్టినట్టే తిరిగొచ్చాయి. అడిగితే, "మూత రాలేదమ్మా" అంది. పాపం, ఎవరినీ అడగలేక ఆకలితో కూర్చుందన్నమాట! సులువుగా తెరుచుకునే బాక్సు కొని, ఇంట్లో తన చేతే మూత తీయించి తినడం అలవాటు చేశాను. "టీచర్, ఒంటికి" అని చిటికెన వేలు చూపించడం నేర్పాను. సాయంత్రాలు బీచ్‌లో ఇసుక మీద తను టీచర్, నేను పిల్ల.

మూడో వారంలో ఓ రోజు గేటు దగ్గర తనే ముందు టాటా చెప్పింది.