జుట్టు మార్పిడికి ముందు: పరికరాల గురించి అడగవలసినవి

అంగీకార పత్రంపై సంతకం పెట్టక ముందే అడగండి.

• కుదుళ్లు తీసే పంచ్ (కుదురు చుట్టూ చర్మాన్ని గుండ్రంగా కోసే చిన్న గొట్టం లాంటి పరికరం) ఎవరి చేతిలో ఉంటుంది, డాక్టరు చేతిలోనా, సహాయకుల చేతిలోనా? తల వెనుక నుంచి తీసిన కుదురు అక్కడ మళ్లీ మొలవదు. తీసేటప్పుడు తెగితే తీసిన చోటా, నాటే చోటా నష్టమే.

• పంచ్ వ్యాసం ఎంత? సాధారణంగా 0.7 నుంచి 1 మిల్లీమీటరు. పెద్దదైతే మచ్చలు బయటపడతాయి, మరీ చిన్నదైతే కుదుళ్లు తెగే ప్రమాదం. ఉంగరాల జుట్టు వాళ్లు దీన్ని అసలు వదలకూడదు, వాళ్ల కుదురు చర్మం లోపల కూడా వంపు తిరిగి ఉంటుంది. ముందు కొన్ని కుదుళ్లు తీసి, భూతద్దం కింద చూపించమనండి.

• పంచ్ కొత్తదేనా? ప్యాకెట్ మీ ఎదుటే విప్పమనండి. వాడేసినదైతే ఇన్ఫెక్షన్ భయం.

• నాటేది ఫోర్సెప్స్‌తోనా (సన్నని పట్టకారు), ఇంప్లాంటర్ పెన్‌తోనా (కుదురును లోపల పెట్టుకుని చర్మంలోకి దించే పెన్ను లాంటి పరికరం)? రెండూ పనికొస్తాయి, అలవాటైన చేయి కావాలి.

• నాటడానికి గాట్లు పెట్టే నీలమణి బ్లేడుకో, కుదుళ్లు తీసే రోబోకో అదనంగా డబ్బు అడిగితే, మీ తలకు దానివల్ల మేలేమిటో చెప్పించుకోండి.