మూడంగుళాల ఫోన్‌తో రోజు గడవాలంటే

చిన్న ఫోన్ అనగానే చాలామందికి ఐఫోన్ మినీ గుర్తొస్తుంది. దాని తెర 5.4 అంగుళాలు, అలవాటు పడటం పెద్ద పనేమీ కాదు. అసలు పరీక్ష మూడంగుళాల దగ్గర మొదలవుతుంది. 2017లో వచ్చిన యూనిహెర్ట్జ్ జెల్లీ తెర 2.45 అంగుళాలు, 2018 నాటి పామ్ ఫోన్‌ది 3.3, 2023లో వచ్చిన జెల్లీ స్టార్‌ది 3. వీటిలో రోజూ వాడుకోవడానికి పనికొచ్చేది జెల్లీ స్టారే కాబట్టి కొలతలన్నీ దాన్నిబట్టే చెప్పుకుందాం. బరువు 116 గ్రాములు, ర్యామ్ 8 జీబీ, స్టోరేజ్ 256 జీబీ, బ్యాటరీ 2000 ఎంఏహెచ్, ఆండ్రాయిడ్ 13. మందం మాత్రం 18.7 మిల్లీమీటర్లు, మామూలు ఫోన్లు రెండు ఒకదానిమీద ఒకటి పెట్టినంత. పలచని చొక్కా జేబులో ఉబ్బెత్తుగా కనిపిస్తుంది.

ఇలాంటి ఫోన్ కొని నెల తిరక్కుండా పక్కన పడేసేవాళ్లు తెర చిన్నదని పడేయరు. సిమ్ ఏ ఫోన్‌లో ఉండాలో ముందే తేల్చుకోక ఇరుక్కుంటారు. మన దేశంలో బ్యాంకు, యూపీఐ, ఓటీపీ, వాట్సాప్ అన్నీ సిమ్ చుట్టూనే తిరుగుతాయి. అది తేలితే మిగతావన్నీ సర్దుకునేవే.

కొనేముందు

మొదట చూడాల్సింది వోల్టే, అంటే 4జీ మీదే కాల్ మాట్లాడే సౌకర్యం. జియోకి 4జీ, 5జీ తప్ప పాత నెట్‌వర్క్ లేదు. అందుకని ఫోన్‌లో వోల్టే పనిచేయకపోతే జియో సిమ్‌తో ఇంటర్నెట్ వస్తుంది కానీ మామూలు కాల్ వెళ్లదు. ఎయిర్‌టెల్‌లో అయితే కాల్ 2జీకి జారిపోతుంది, మాట్లాడినంతసేపూ డేటా ఆగిపోతుంది. విదేశాల నుంచి తెప్పించే చిన్న ఫోన్లలో ఈ తేడా తరచూ వస్తుంది. స్పెసిఫికేషన్లలో వోల్టే ఉందని రాసినంత మాత్రాన సరిపోదు, మీ ఆపరేటర్‌తో అది కుదరాలి.

పరీక్షించడం తేలిక. సిమ్ వేసి, సెట్టింగ్స్‌లో ఆ సిమ్ కింద వోల్టే ఆన్ చేసి, ఎవరికైనా కాల్ చేయండి. మాట్లాడుతుండగా పైనున్న గుర్తు 4జీగానే ఉంటే వోల్టే పనిచేస్తున్నట్టే. ‘ఈ’ అనో ‘హెచ్’ అనో మారితే పనిచేయడం లేదు. ఇంకా లోతుగా చూడాలంటే డయలర్‌లో *#*#4636#*#* నొక్కి ఫోన్ సమాచారంలోకి వెళ్తే ఐఎమ్ఎస్ (వోల్టే కాల్స్ నడిపే వ్యవస్థ) రిజిస్టర్ అయిందో లేదో కనిపిస్తుంది. కొన్ని ఫోన్లలో ఈ మెనూ మూసేసి ఉంటుంది.

బ్యాండ్లూ, అంటే సిగ్నల్ నడిచే ఫ్రీక్వెన్సీలూ చూసుకోవాలి. 4జీకి జియో వాడేవి 3, 5, 40. ఎయిర్‌టెల్ వాడేవి 1, 3, 8, 40. వీటిలో 5, 8 ఇళ్ల లోపలికి, ఊళ్లలోకి బాగా చొచ్చుకొచ్చేవి. అవి లేని ఫోన్ వీధిలో నాలుగు గీతలు చూపించి గదిలోకి రాగానే మొండికేస్తుంది.

రెండున్నర అంగుళాల తెరతో అగ్గువకు దొరికే పేరులేని ఫోన్ల జోలికి పోకపోవడం మంచిది. వాటిలో చాలావరకు ఆండ్రాయిడ్ 6 దగ్గరే ఆగిపోయినవి. సెట్టింగ్స్‌లో వేరే నంబర్ చూపించినా లోపల ఉన్నది పాతదే కావచ్చు. సెక్యూరిటీ ప్యాచ్ తేదీ చూడండి, అది ఏళ్ల కిందటిదైతే అందులో బ్యాంకు యాప్ పెట్టకండి. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ‘అబౌట్’ కింద డివైస్ సర్టిఫైడ్ అని లేకపోతే చాలా బ్యాంకు యాప్‌లు అసలు తెరుచుకోవు. సెకండ్‌హ్యాండ్‌ది తీసుకుంటుంటే *#06# నొక్కి ఐఎమ్ఈఐ (ఫోన్ గుర్తింపు నంబర్) తెలుసుకుని, టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలో సరిచూసుకోండి. అది డూప్లికేట్ అనో బ్లాక్ అయిందనో వస్తే ఎంత చవకైనా వద్దు.

సిమ్ ఏ ఫోన్‌లో?

యూపీఐ యాప్ మొదలుపెట్టగానే ఫోన్‌లోని సిమ్ నుంచి ఒక ఎస్ఎమ్ఎస్ బ్యాంకు వైపు వెళ్తుంది. ఆ నంబర్ ఖాతాకు ముడిపడి ఉంటేనే రిజిస్ట్రేషన్ పూర్తవుతుంది. అంటే సిమ్ పెద్ద ఫోన్‌లో పెట్టి యూపీఐని చిన్న ఫోన్‌లో నడపడం కుదరదు. పైగా ఫోన్ మార్చి మళ్లీ రిజిస్టర్ చేసుకుంటే తొలి 24 గంటలు సాధారణంగా 5,000 రూపాయలకు మించి పంపలేరు. శనివారం చిన్న ఫోన్, సోమవారం పెద్ద ఫోన్ అంటూ సిమ్ అటూ ఇటూ మార్చేవాళ్లకు ఈ పరిమితి ప్రతిసారీ అడ్డుపడుతుంది.

అందుకని రెండే దారులు. మొదటిది, చిన్నదే అసలు ఫోన్. బ్యాంకుకు ముడిపడిన సిమ్, యూపీఐ, వాట్సాప్ అన్నీ అందులోనే. పెద్ద తెర కావాల్సిన పనులకు పాత ఫోనో ట్యాబో ఇంట్లో వైఫై మీద ఉంటుంది. రెండోది, చిన్నది బ్యాకప్. అందులో వేరే ఆపరేటర్ సిమ్ వేయండి, ఒకరి టవర్ అందని చోట రెండోది పనికొస్తుంది. ఆ నంబర్‌ను ఏదో ఒక పొదుపు ఖాతాకు జతచేసి, ఆ ఖాతాలో కొద్ది మొత్తం ఉంచి, దానిమీద విడిగా యూపీఐ తెరవండి. పెద్ద ఫోన్ పోయినా, చార్జ్ అయిపోయినా ఆటో కిరాయికి ఇబ్బంది ఉండదు. మార్కెట్‌కి, గుడికి, జాతరకి వెళ్లేటప్పుడు చిన్నది ఒక్కటే పట్టుకెళ్లొచ్చు కూడా. యూపీఐ లైట్ ఆన్ చేసుకుంటే ఒక్కో చెల్లింపు 1,000 రూపాయల వరకు పిన్ లేకుండా పోతుంది. ఈ బుల్లి తెర మీద ఆరంకెల పిన్ కొట్టడం తప్పుతుంది.

వాట్సాప్‌ను ‘కంపానియన్ డివైస్’గా రెండో ఫోన్‌లో కూడా తెరవొచ్చు. అసలు ఫోన్‌లో 14 రోజులు తెరవకపోతే రెండోదాంట్లో లాగవుట్ అవుతుంది. అయితే మెసేజింగ్ యాప్‌లు సిమ్ ఉన్న ఫోన్‌లోనే నడవాలని టెలికాం శాఖ 2025 నవంబరులో ఆదేశాలిచ్చింది కాబట్టి దానిమీదే ఆధారపడొద్దు. ఏ ఫోన్‌లో సిమ్ ఉందో అందులోనే అసలు వాట్సాప్ ఉంచండి.

కాల్స్‌ని ఒక ఫోన్ నుంచి ఇంకోదానికి మళ్లించడానికి చాలామంది *21* కోడ్ వాడేవారు. మోసగాళ్లు దాన్ని వాడుకుంటున్నారని ఇలా నొక్కి పంపే యూఎస్ఎస్‌డీ కోడ్‌లతో ఫార్వర్డింగ్‌ను 2024 ఏప్రిల్ 15 నుంచి నిలిపేయమని టెలికాం శాఖ చెప్పింది. ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లోని కాల్ ఫార్వర్డింగ్ నుంచి ప్రయత్నించండి, కాకపోతే కస్టమర్ కేర్‌ని అడగండి. ఒకటి గుర్తుంచుకోవాలి, కాల్స్ మళ్లుతాయి గానీ ఓటీపీ ఎస్ఎమ్ఎస్‌లు మళ్లవు. పాత మైక్రో సిమ్ పోయి నానో సిమ్ తీసుకోవాల్సి వస్తే, కొత్త సిమ్ పనిచేయడం మొదలయ్యాక 24 గంటలు ఎస్ఎమ్ఎస్‌లు ఆగుతాయి. ప్రయాణం రోజున ఆ పని పెట్టుకోకండి.

బ్యాకప్ సిమ్ బతికుండటానికీ ఖర్చుంది. 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే ప్రీపెయిడ్ నంబర్ రద్దు కావచ్చు. ప్యాక్ గడువు తీరాక ఇన్‌కమింగ్ కూడా ఆగిపోవచ్చు. 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పిన తర్వాత డేటా లేకుండా కాల్స్, ఎస్ఎమ్ఎస్‌లు మాత్రమే ఇచ్చే ప్యాక్‌లు వచ్చాయి. బ్యాకప్ ఫోన్‌కి అవి చాలు, ఇంట్లో వైఫై ఉంటే మరీను. నెలకోసారి దాన్నుంచి ఒక కాల్ చేయండి.

ట్రే విషయం కూడా కొనేముందే ఆలోచించుకోవాలి. జెల్లీ స్టార్‌లో రెండు సిమ్‌లు, లేదా ఒక సిమ్, ఒక మెమొరీ కార్డ్. మూడూ పట్టవు.

తెరను సరిచేసుకోవడం

మూడంగుళాల తెర వెడల్పు 37 మిల్లీమీటర్లు. పిక్సెళ్లు 480, 854. అక్షరాలు స్పష్టంగానే ఉంటాయి, యాప్‌లే సరిగ్గా పట్టవు. చాలా యాప్‌లు కనీసం 360 యూనిట్ల వెడల్పు ఉంటుందనుకుని గీసినవి. అంతకన్నా తక్కువ దొరికితే కింద ఉండాల్సిన ‘కొనసాగించు’ బటన్ తెర దాటిపోతుంది. బ్యాంకు, టికెట్ యాప్‌లలో ఇది ఎక్కువ, పైగా అక్కడే చిరాకు.

దీనికి మందు డెవలపర్ ఆప్షన్స్‌లో ఉంది. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌కి వెళ్లి బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కండి. తర్వాత డెవలపర్ ఆప్షన్స్ తెరిచి ‘స్మాలెస్ట్ విడ్త్’ వెతకండి. ముందు అక్కడున్న అంకె కాగితం మీద రాసిపెట్టుకుని 360 ఇవ్వండి. ఇంకా బటన్లు దాక్కుంటే 380 దాకా వెళ్లొచ్చు. 600 దాటితే ఫోన్ తనను తాను ట్యాబ్ అనుకుని అంతా గందరగోళం చేస్తుంది. అంకె పెంచిన కొద్దీ అక్షరాలు చిన్నవవుతాయి కాబట్టి వెంటనే ఫాంట్ సైజు ఒక్క మెట్టు పెంచండి. ఒక్క మెట్టే. రెండు మెట్లు పెంచితే కొన్ని యాప్‌లలో వరుసల ఎత్తు పెరగక ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ లాంటి మాటల్లో కింది వత్తులు తెగిపోతాయి.

కింద మూడు బటన్ల పట్టీ ఉంటే తీసేసి, వేలితో తెర మీద జరుపుతూ నడిపే జెశ్చర్ నావిగేషన్‌కి మారండి. ఆ పట్టీ తెర ఎత్తులో దాదాపు 8 శాతం తింటుంది. హోం స్క్రీన్ మీద యాప్‌ల గుర్తులు కాకుండా పేర్ల జాబితా చూపించే లాంచర్ (హోం స్క్రీన్‌ను మార్చే యాప్) అయితే బొటనవేలికి తగలడం తేలిక.

తెలుగు టైపింగ్

తెలుగు అక్షరాల కీబోర్డ్ ఇక్కడ పనికిరాదని ముందే ఒప్పుకోవడం మేలు. ఒక్కో కీకి మూడున్నర మిల్లీమీటర్లు కూడా రాదు, ‘ద’ కొడితే ‘ధ’ పడుతుంది. గూగుల్ కీబోర్డ్ జీబోర్డ్‌లో భాషల్లోకి వెళ్లి తెలుగు కింద ఇంగ్లిష్ అక్షరాలతో రాస్తే తెలుగులోకి మార్చే లేఔట్ ఎంచుకోండి. వేలు ఎత్తకుండా అక్షరాల మీదుగా గీసుకుంటూ పోవడం నేర్చుకుంటే కీ చిన్నదైనా ఫర్వాలేదు, మాట మొత్తం ఆకారాన్ని బట్టి ఊహిస్తుంది కాబట్టి ఒక్కో అక్షరం గురి తప్పినా దిద్దుకుంటుంది. రెండో దారి చేతిరాత లేఔట్. ఊరి పేర్లు, ఇంటిపేర్లు రాయడానికి అదే నయం, ఎందుకంటే ఊహించే లేఔట్ వాటిని తరచూ పాడుచేస్తుంది. పెద్ద సందేశాలకు మైక్ గుర్తు నొక్కి తెలుగులో చెప్పేయడమే.

పొడవాటి పాస్‌వర్డ్‌లు మాత్రం ఇందులో కొట్టకండి. పాస్‌వర్డ్ మేనేజర్ పెట్టుకుని వెనకనున్న వేలిముద్ర సెన్సర్‌తో తెరవండి.

బ్యాటరీ

2000 ఎంఏహెచ్ అంటే తెర వెలిగి ఉండే సమయం మూడు, నాలుగు గంటలు అనుకుని రోజు వేసుకోండి. కాల్స్, మెసేజ్‌లు, చెల్లింపుల వరకే అయితే రాత్రిదాకా వస్తుంది. హాట్‌స్పాట్ ఇచ్చినా, నావిగేషన్ నడిపినా మధ్యాహ్నానికే ఖాళీ. పైగా ఇంత చిన్న ఒంట్లో వేడి పోయే చోటు లేక చెయ్యి కాలేంత వేడెక్కుతుంది.

డార్క్ థీమ్ పెడితే బ్యాటరీ మిగులుతుందన్నది ఇక్కడ చెల్లదు. ఈ తెర ఎల్‌సీడీ, నలుపు చూపించినా వెనక దీపం వెలుగుతూనే ఉంటుంది. బ్రైట్‌నెస్ తగ్గిస్తేనే లాభం. లొకేషన్ సెట్టింగ్స్‌లో వైఫై స్కానింగ్, బ్లూటూత్ స్కానింగ్ ఆపండి. వాట్సాప్‌లో మీడియా ఆటోమేటిక్‌గా దిగకుండా చేయండి, తెల్లారగానే గుడ్ మార్నింగ్ ఫోటోల వరదకి ఆనకట్ట అదొక్కటే. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోన్ టవర్ కోసం వెతుక్కుంటూ చార్జ్ తాగేస్తుంది. రైల్లో వెళ్తూ పని లేనప్పుడు ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం ఏ బ్యాటరీ సేవర్ కన్నా మేలు.

కొన్ని చవక ఫోన్లు రెండువైపులా టైప్-సీ ఉన్న కేబుల్‌తో చార్జ్ కావు. పోర్ట్‌లో ఉండాల్సిన 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు పెట్టకపోవడం వల్ల చార్జర్ అవతల ఫోన్ ఉందని గుర్తించదు. ఫోన్ చెడిపోయిందనుకోకండి, ఒకవైపు పాత యూఎస్‌బీ ఉన్న కేబుల్ వాడితే సరి.

డ్రాయర్‌లో పెట్టే బ్యాకప్ ఫోన్‌ని వంద శాతం నింపి పెట్టొద్దు. 50 శాతం దగ్గర స్విచ్ఛాఫ్ చేసి, రెండు నెలలకోసారి చూసుకోండి. రెంటచింతల, రామగుండం ఎండల్లో కారు డ్యాష్‌బోర్డ్ మీద వదిలేస్తే ఇంత చిన్న బ్యాటరీ ఒక్క వేసవికే ఉబ్బొచ్చు. వెనక మూత కాస్త లేచినట్టు కనిపిస్తే చార్జింగ్ ఆపేయండి.

మిగతావి

ఫోన్ పొడవు 95 మిల్లీమీటర్లే కాబట్టి చెవి దగ్గర పెట్టుకుంటే మైక్ బుగ్గ దగ్గరే ఆగిపోతుంది. అవతలివాళ్లు ‘వినపడట్లేదు’ అంటే కింది భాగాన్ని నోటివైపు వంచండి. ఇయర్‌ఫోన్స్ అయితే ఇంకా నయం, 3.5 మిల్లీమీటర్ల రంధ్రం ఉంది, అందులో పెట్టిన ఇయర్‌ఫోన్స్ తీగే ఎఫ్ఎమ్ రేడియోకి యాంటెన్నా కూడా.

మెట్రో గేటు దగ్గర క్యూఆర్ టికెట్ పట్టకపోతే బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచండి. జూమ్ చేసేటప్పుడు చుట్టూ తెల్ల అంచు ఉండేలా చూడండి, అది తెగితే స్కానర్ చదవదు. కెమెరా బిల్లు ఫోటో తీయడానికి చాలు, పెళ్లి ఫోటోలకి కాదు. మ్యాప్‌ని ముందే ఆఫ్‌లైన్‌లో దింపుకోండి. చిన్న యాంటెన్నా వల్ల మొదటిసారి మీరున్న చోటు పట్టడానికి కాస్త సమయం తీసుకోవచ్చు, ఆకాశం కనిపించే చోట నిలబడితే త్వరగా దొరుకుతుంది.

ఇంత చిన్న వస్తువు ఆటో సీటు సందులోనో, కూరగాయల సంచిలోనో పోవడం సులువు. తాడు కట్టుకునే కన్నమున్న కవర్ తీసుకోండి. లాక్ స్క్రీన్ మీద ఇంట్లోవాళ్ల నంబర్ కనిపించేలా పెట్టండి. ఐఎమ్ఈఐ నంబర్లు, కొన్న బిల్లు కాపీ ఇంట్లో ఉంచండి. ఫోన్ పోతే పోలీసు ఫిర్యాదుతో పాటు సంచార్ సాథీలో బ్లాక్ చేయించడానికి అవే అడుగుతారు.