‘మన దేశంలో ఎన్నో నదులు కలవు’ అని మొదలుపెట్టకుండా పేరా రాయించడం ఎలా

కృష్ణా నది మీద ఒక పేరా రాయమంటే పదేళ్ల పిల్లలు చాలామంది ఇలా ఎత్తుకుంటారు: “మన దేశంలో ఎన్నో నదులు కలవు. వాటిలో కృష్ణా నది ఒకటి.” చివర్లో “కనుక మనమందరం నదులను కాపాడుకోవాలి” అని ముగిస్తారు. మధ్యలో మిగిలిన రెండు మూడు వాక్యాల్లో విషయం దాదాపు ఉండదు. పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తున్నా ఈ అచ్చు వదలదు. గైడుల్లో ఉన్నది అదే, మనకు చిన్నప్పుడు వచ్చిన ఉపోద్ఘాతం, విషయం, ముగింపు పద్ధతీ అదే. అది నాలుగు పేజీల వ్యాసానికి పనికొస్తుంది. మూరెడు పేరాకి బారెడు ఉపోద్ఘాతం పెడితే విషయానికి చోటు ఉండదు.

ముందు “గురించి” అనే మాట మానేయండి. “ప్రకాశం బ్యారేజీ గురించి రాయి” అంటే ఏది పెట్టాలో, ఏది వదిలేయాలో పిల్లలకు తెలియదు. పొడవు, పేరు, సాయంత్రం లైట్లు, పుష్కరాల రద్దీ అన్నీ ఒకే గంపలో వేస్తారు. దాని బదులు “ప్రకాశం బ్యారేజీ ఏం పని చేస్తుంది?” అని అడగండి. పేరా అంటే ఒక ప్రశ్నకు జవాబు, అంతే. ఆ ప్రశ్నను నోటుబుక్కులో పైన పెన్సిల్‌తో రాయించి, పేరా పూర్తయ్యాక చెరిపించండి. ప్రశ్న చెరిపేశాక కూడా మొదటి వాక్యం చదివితే ఆ ప్రశ్నేమిటో తెలిసిపోవాలి. తెలియకపోతే మొదటి వాక్యం మళ్లీ రాయాలి.

తర్వాత చీటీలు. పోస్టుకార్డులో సగం ఉండే ముక్కలు పన్నెండు కత్తిరించండి. ఒక్కో చీటీ మీద ఒక్క విషయమే, ఐదారు మాటల్లో. అది ఎక్కడ దొరికిందో వెనకవైపు రాయాలి: పుస్తకమైతే పేజీ, బోర్డైతే ఎక్కడి బోర్డు, మనిషి చెప్పిందైతే ఎవరు చెప్పారు. చీటీ మీద పూర్తి వాక్యం రాయనివ్వకండి. వాక్యం రాస్తే అది పుస్తకంలోని వాక్యమే అవుతుంది, రేపు పేరాలోకి అలాగే దిగుతుంది. “నిల్వ 3.07 టీఎంసీ” (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు) అని రాసుకున్నవాళ్లు వాక్యం సొంతంగా కట్టుకోక తప్పదు.

బ్యారేజీకి వచ్చే చీటీలు దాదాపు ఇలా ఉంటాయి: 1957లో పూర్తి, పొడవు 1,223.5 మీటర్లు, 70 గేట్లు, టంగుటూరి ప్రకాశం పేరు, అంతకుముందు 1855 నాటి ఆనకట్ట, నిల్వ 3.07 టీఎంసీ, నాగార్జునసాగర్ నిల్వ సుమారు 312 టీఎంసీ, విజయవాడ వైపు ఏలూరు, బందరు, రైవస్ కాలువలు, అవతలి ఒడ్డున పశ్చిమ ప్రధాన కాలువ, 12 లక్షల ఎకరాలకు పైగా సాగు, పైన రోడ్డు, రాత్రి లైట్లు బాగుంటాయి.

ఇక అసలు పని. చీటీలన్నీ నేల మీద పరిచి, ఒక్కోటి చేతిలోకి తీసుకుని “ఇది మన ప్రశ్నకు జవాబులో భాగమా?” అని అడగండి. పేరు, పొడవు, కట్టిన సంవత్సరం, రోడ్డు, లైట్లు పక్కకు వెళ్లిపోతాయి. పిల్లలు ఇక్కడే మొరాయిస్తారు. కష్టపడి వెతికి తెచ్చిన 1,223.5 పారేయమంటే ఎవరికైనా బాధే. పారేయొద్దు, వేరే డబ్బాలో వేయించండి. “పాత ఆనకట్ట ఉండగా కొత్తది ఎందుకు కట్టారు?” అని ఇంకో పేరా రాసే రోజున సంవత్సరాల చీటీలు బయటికి వస్తాయి. పన్నెండులో ఐదారు మిగిలితే సరిపోతుంది. పదీ మిగిలాయంటే ప్రశ్న మరీ వెడల్పుగా ఉందని లెక్క.

మిగిలిన వాటిని వరసలో పెట్టి, రాయకముందు నోటితో చెప్పించండి. తాతయ్యకు ఫోన్ చేసి చెప్పినా సరే. నోట్లో తడబడిన చోటే కాగితం మీదా తడబడతారు. రెండు చీటీల మధ్య “మరి” “ఇంకా” తప్ప ఏమీ రావట్లేదంటే వరస తప్పింది. “అందుకే”, “దాంతో”, “అయితే” వాటంతట అవే వస్తే వరస కుదిరినట్టు. తర్వాత రాసింది ఇలా ఉండొచ్చు:

“ప్రకాశం బ్యారేజీ ముఖ్యంగా కృష్ణా నీటిని కాలువల్లోకి మళ్లిస్తుంది. నీళ్లు దాచడం దాని అసలు పని కాదు. నాగార్జునసాగర్‌లో సుమారు 312 టీఎంసీలు పడితే, ఇక్కడ పట్టేది 3.07 టీఎంసీలే. గేట్లు మూస్తే నది మట్టం పెరిగి, నీళ్లు రెండు ఒడ్డుల కాలువల్లోకి వెళ్తాయి. విజయవాడ వైపు ఏలూరు, బందరు, రైవస్ కాలువలు, అవతలి వైపు పశ్చిమ ప్రధాన కాలువ ఆ నీటిని డెల్టాకు తీసుకెళ్తాయి. వాటి కింద 12 లక్షల ఎకరాలకు పైగా సాగవుతుంది. వరద వచ్చినప్పుడు మాత్రం గేట్లు ఎత్తి నీటిని దిగువకు వదిలేస్తారు.”

ఏడు వాక్యాలు. మూడో వాక్యం చూడండి: 3.07 అన్న అంకె ఒంటరిగా ఉంటే పిల్లలకే కాదు, పెద్దలకూ ఏమీ చెప్పదు. పక్కన సాగర్ అంకె పెట్టగానే రెండో వాక్యానికి రుజువైంది. అంకె రాసిన ప్రతిచోటా “దేనితో పోలిస్తే?” అని అడగడం అలవాటు చేయండి. ఇక చివరి వాక్యం నీతి చెప్పదు, ఆ పనిలోనే మిగిలిన భాగం చెప్పి ఆగిపోతుంది.

దిద్దేటప్పుడు అక్షర దోషాలతో మొదలుపెట్టకండి. తెలుగు పేరాను పాడుచేసేవి వేరే ఉన్నాయి.

ఒకటి, గొలుసు వాక్యం. “గేట్లు ఎత్తి నీళ్లు సముద్రంలోకి వెళ్తాయి” అని రాస్తారు. ఎత్తేది మనుషులు, వెళ్లేది నీళ్లు. ఎత్తి, వచ్చి, చూసి లాంటి క్రియలకూ చివరి క్రియకూ కర్త ఒక్కరే ఉండాలి. “గేట్లు ఎత్తితే నీళ్లు వెళ్తాయి” అనో, “గేట్లు ఎత్తి నీళ్లు వదులుతారు” అనో మార్చాలి. పై పేరాలో “మట్టం పెరిగి, నీళ్లు వెళ్తాయి” అని ఉందే అంటారా? కారణం చెప్పేటప్పుడు, అదీ ప్రాణం లేని వాటి విషయంలో, వాడుక దాన్ని ఒప్పుకుంటుంది: వానలు పడి చెరువులు నిండాయి అంటాం కదా. చిన్నపిల్లలకు ఈ మినహాయింపు చెప్పకపోయినా నష్టం లేదు. వాక్యంలో ఇలాంటి క్రియలు రెండు దాటితే విడగొట్టమనండి.

రెండు, “నిర్మించబడినది”. కట్టారు అంటే సరిపోతుంది. “మరియు”, “యొక్క”, “కలదు” కూడా ఇంగ్లిష్ పాఠం అనువాదంలోంచో పాత గైడులోంచో వచ్చినవే. గీత గీసి, అవి లేకుండా చదివించండి. పదింట తొమ్మిదిసార్లు అర్థం చెడదు.

మూడు, “అది”, “వాటి”. ప్రతి “అది” దగ్గర వేలు పెట్టి “ఏది?” అని అడగండి. జవాబుకి క్షణం ఆలోచించారంటే అక్కడ పేరు రాయాల్సిందే.

“అందమైన”, “గొప్ప”, “ప్రసిద్ధి చెందిన” మాటలు కొట్టేయించి, ఎందుకు గొప్పదో చీటీ తెమ్మనండి.

తయారీ విధానం రాయించడానికి కొండపల్లి బొమ్మ మంచి విషయం. తెల్ల పొణికి కర్రను ఆరబెడతారు, భాగాలు విడివిడిగా చెక్కుతారు, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు, ఆపైన సున్నం పూసి రంగులు వేస్తారు. ఇక్కడ వచ్చే తప్పు ఒక్కటే: సగం దూరం “ఆరబెడతారు” అని రాసి, సగం నుంచి “అతికించాలి” అంటారు. మొదటిది వర్ణన, రెండోది వంట పుస్తకం. ఏదో ఒకటి ఎంచుకోవాలి.

కారణాలకు గుంటూరు మిర్చి ఉంది: “రైతులు ఎండుమిరపను కోల్డ్ స్టోరేజీలో ఎందుకు పెడతారు?” బయట వేడికి రంగు వెలిసిపోవడం ఒక కారణం, మంచి ధర కోసం ఆగడం ఇంకోటి. రెండింటినీ కలిపేయకుండా, ఒక్కోదానికీ రెండేసి వాక్యాలు ఇవ్వమనండి.

రెండు చోట్ల రెండు అంకెలు దొరికితే అదృష్టమనుకోండి. ఉండవల్లి గుహలు 4–5 శతాబ్దాలవని ఒకచోట, 6–7 శతాబ్దాలవని ఇంకోచోట కనిపిస్తుంది. నచ్చినది ఎంచుకోనివ్వకండి. “కొందరు ఇలా అంటారు, కొందరు అలా” అని రెండూ రాయించండి. చీటీ వెనక రాసుకున్నది అక్కరకొచ్చేది అప్పుడే.

ఒక పేరాకి మూడు రోజులు పెట్టండి, రోజుకి ఇరవై ఐదు నిమిషాలు. మొదటి రోజు ప్రశ్న, చీటీలు. రెండో రోజు ఏరడం, చెప్పడం, రాయడం. మూడో రోజు దిద్దుబాటు, అదీ రెండు రకాల తప్పులకు మించకుండా. అన్నీ ఒకేసారి ఎర్రసిరాతో నింపితే వచ్చే వారం నాలుగు వాక్యాలే రాస్తారు, తప్పులు తగ్గుతాయని. ఎనిమిది తొమ్మిదేళ్ల వాళ్లకు ఆరు చీటీలు, నాలుగు వాక్యాలు చాలు. ఓపెన్ స్కూల్లో పదో తరగతికి సిద్ధమయ్యేవాళ్లకు చీటీల బదులు మార్జిన్‌లో ఐదు మాటలు, పేరాకి పది నిమిషాలు. పరీక్ష హాల్లో నేల మీద చీటీలు పరవనివ్వరు కదా.